గూడబాతా? గూడుబాతా?

సందేహం: అనంతపురం జిల్లాలో పెనకచర్ల దగ్గరి మిడ్ పెన్నార్ జలాశయానికి మా బడి పిల్లలను పక్షులను చూపడానికి తీసుకువెళ్లాను. తరవాత రాసిన వ్యాసాల్లో కొందరు ‘గూడబాతు’ అనీ, కొందరు ‘గూడుబాతు’ అనీ రాశారు. గూడు కట్టుకునే పక్షి కనుక రెండోదే ఒప్పని తోటి ఉపాధ్యాయుడొకరు అంటున్నారు. అసలది బాతే కానప్పుడు ఆ పేరెందుకు, ‘పెలికాన్’ అని రాయిస్తే పోదా అని మరొకరి వాదన. ఏది సరైనది?

సమాధానం: ‘గూడబాతు’ అనే రాయించండి. ఇందులోని ‘గూడ’కూ పక్షి గూటికీ సంబంధం లేదు. ‘గూడు’ అనే మాటకు విభక్తి చేరేటప్పుడు ‘గూటి’ అనే రూపం వస్తుంది. కూడు–కూటి, కాడు–కాటి, నాడు–నాటి అన్నవీ ఇలాంటివే. అందుకే గూటికి చేరింది అంటాం, గూటి పిట్ట అంటాం. పైకప్పు ఉన్న బండిని గూడుబండి అన్నప్పుడు ఆ మాట మార్పు లేకుండా నిలిచిన మాటా నిజమే. అయితే ‘గూటి’ అయినా, ‘గూడు’గా నిలిచినా, సమాసంలో అది ‘గూడ’గా మారడం కనబడదు. గూడబండి అని ఎవరూ అనరు కదా. అర్థాన్ని బట్టి చూసినా ఈ వాదన నిలవదు. గూడు కట్టడం పక్షులన్నిటికీ దాదాపు సమానమైన పని కాబట్టి, ఒక్క పక్షిని తక్కినవాటి నుంచి వేరుచేసి చూపడానికి ఆ గుణం చాలదు.

మరి ‘గూడ’ అంటే ఏమిటి? కాలువ పల్లంలోనూ పొలం మెరకలోనూ ఉన్నచోట నీరు తోడి పోసే బుట్ట పేరు గూడ. దానికి ఇరువైపులా తాళ్లు కట్టి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, ఒక్క ఊపులో కిందికి వదిలి నీటిని ముంచి, వెనక్కి వాలుతూ పైకి లాగి మడిలోకి కుమ్మరించేవారు. దీన్నే గూడ వేయడం అంటారు. మోటార్లు వచ్చాక ఈ పని చాలా ఊళ్లలో ఆగిపోయింది కనుక నేటి పిల్లలకు మాట తెలియకపోవడంలో వింత లేదు. ఇప్పుడు బైనాక్యులర్స్‌లో ఆ పక్షిని చూడండి. బూడిదరంగు ఒళ్లు, పొడవాటి ముక్కు పైభాగాన నల్లని మచ్చల వరుస, ముక్కు కింద సాగే తోలుసంచి. చేపను పట్టేటప్పుడు ఆ సంచితో నీటితో సహా ముంచి ఎత్తుతుంది. ఆపైన ముక్కును రొమ్ముకు ఆనించి నీరు వార్చి, తల పైకెత్తి చేపను మింగుతుంది. ముంచడం, ఎత్తడం, ఒంపడం అన్న మూడు పనులూ గూడ చేసేవే. అందుచేత పేరు ఆ సంచిని బట్టే వచ్చిందని నా నిశ్చితాభిప్రాయం. పెద్ద చెంచా లాంటి ముక్కున్న మరో నీటిపక్షిని తెడ్డుమూతి కొంగ అనడంలోనూ ఇదే చూపు ఉంది. (యూసుఫ్‌గూడ, లాలాగూడ వంటి ఊరిపేర్లలోని ‘గూడ’ గూడెం అన్న మాటకు చుట్టం. దానికీ ఈ పక్షికీ పొత్తు లేదు.)

ఇక ‘బాతు’ విషయం. మీ మిత్రులు చెప్పినట్టు శాస్త్రరీత్యా ఇది బాతుకు దగ్గరి పక్షి కాదు. బాతుకు ముందున్న మూడు కాలివేళ్ల మధ్యనే తోలు ఉంటుంది. దీనికి వెనకవేలితో సహా నాలుగింటినీ కలుపుతూ ఉంటుంది. కాని జనం పేరు పెట్టేది వర్గీకరణ కోసం కాదు. నీటిమీద తేలుతూ ఈదేదాన్ని బాతు అన్నారు, నల్లగా ఉండి నీట మునిగేదాన్ని నీటికాకి అన్నారు. నంద్యాల జిల్లా రోళ్లపాడులో 1988లో అభయారణ్యం ఏర్పడింది బట్టమేక అనే పక్షి కోసం; ఆ పేరులో ఏకంగా మేకే ఉంది. 1900 తరవాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల పాదాల దగ్గర మళ్లీ దొరికినప్పుడు, దాన్ని ఎరిగినవారు అక్కడి పిట్టలు పట్టేవారే. అది కోడి జాతిది కాదు, తీతువుకు దగ్గరి పక్షి. కలివి పొదల మధ్య నేలమీద తిరిగేది కనుక వారు ఆ పేరుతో పిలిచారు. దాన్ని తప్పని కొట్టేస్తే, ఆ పిట్ట ఎక్కడ ఉంటుందో చెప్పే ఆనవాలే పోతుంది.

కాబట్టి పేరు మార్చవలసిన పని లేదు. జాతి కచ్చితంగా తెలియవలసిన చోట పక్కన ‘పెలికానస్ ఫిలిప్పెన్సిస్’ అన్న శాస్త్రీయనామం చేర్చించండి, చాలు. గూడబాతు అని ఒకే మాటగా కలిపి రాయాలి. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో ‘కడప’ అనే పేరున్న చెట్ల మీద అవి కట్టుకునేవాటిని గురించి రాసేటప్పుడు మీ పిల్లలు ‘గూడబాతుల గూళ్లు’ అని రాస్తే రెండు మాటలూ తమతమ చోట్ల సరిగ్గా ఉంటాయి.