ఇంటి నుంచే కస్టమర్ కేర్ పని, చేరమంటారా?

ప్రశ్న: అక్కా, మాది కాజీపేట, రైలు పట్టాల పక్కనే ఇల్లు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో కాల్ సెంటర్‌లో రెండేళ్లు చేశాను. ఇప్పుడు బాబుకి మూడేళ్లు. ఇంటి నుంచే కస్టమర్ కేర్, ఫ్రీలాన్స్, నచ్చిన టైమ్‌లో చేసుకోవచ్చని వాట్సాప్‌లో ఒకళ్లు మెసేజ్ పెట్టారు. ట్రైనింగ్ కిట్‌కి 2,500 రూపాయలు కట్టమంటున్నారు. మా ఆయన వద్దంటున్నాడు. ఏం చెయ్యను?
ఓ పాఠకురాలు, కాజీపేట

జవాబు: మీ ఆయన మాట విను చెల్లెమ్మా, ఆ 2,500 కట్టకు. పని చేయించుకునేవాళ్లు మనకు డబ్బులివ్వాలి గానీ మన దగ్గర తీసుకోవడమేంటి? కిట్ అన్నా, డిపాజిట్ అన్నా, ల్యాప్‌టాప్ కొరియర్ ఛార్జీ అన్నా అన్నీ ఒకటే. ఒకవేళ ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్, ఎంత తొందరగా చెప్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

అట్లాగని ఈ పనే మోసం అనుకోకు. నేను నాలుగేళ్లుగా హనుమకొండలో మా ఇంట్లోంచి ఇదే చేస్తున్నా. చిన్నపిల్లలున్న తల్లికి ఇది మంచి పనే, కాకపోతే 'నచ్చిన టైమ్' అన్న మాటకి అసలు అర్థం తెలుసుకుని దిగాలి. చాలాచోట్ల స్లాట్లు, అంటే పని చేసే గంటలు, ముందుగానే పెడతారు, ఎవరు ముందు తీసుకుంటే వాళ్లవే, తీసుకుని లాగిన్ కాకపోతే రేటింగ్ పడిపోయి తర్వాత మంచి స్లాట్లు దొరకవు. అమెరికా కస్టమర్లయితే న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు చలికాలంలో రాత్రి ఏడున్నర, మార్చిలో వాళ్లు గడియారం గంట ముందుకు జరిపాక సాయంత్రం ఆరున్నర. సరిగ్గా బాబుకి అన్నం పెట్టే టైమ్.

నేను దెబ్బతిన్నది డబ్బుల లెక్కలో. నాలుగు గంటల స్లాట్ చేస్తే నాలుగు గంటల డబ్బు వస్తుందనుకున్నా. తీరా చూస్తే మాట్లాడిన నిమిషాలకే లెక్క, హెడ్‌సెట్ పెట్టుకుని కాల్ ఎప్పుడొస్తుందా అని స్క్రీన్ చూస్తూ కూర్చున్న టైమ్‌కి పైసా లేదు, నాలుగు గంటలకి లెక్కలోకి వచ్చింది రెండు గంటల పది నిమిషాలు. ఆ రోజు ఏడుపొచ్చింది. నువ్వు మాత్రం చేరకముందే అడుగు: డబ్బులు లాగిన్ గంటలకా, టాక్ టైమ్‌కా, కాల్‌కి ఇంత అనా? ఫోన్‌లో చెప్తే సరిపోదు, అగ్రిమెంట్‌లో ఉండాలి.

పట్టాల పక్కన ఇల్లన్నావు కదా, అందుకే వాయిస్ ప్రాసెస్, అంటే ఫోన్‌లో మాట్లాడే పని, వద్దంటాను. మా ఇల్లు రోడ్డు మీద. కిటికీకి పాత బొంత కట్టి, బీరువాకీ గోడకీ మధ్య టేబుల్ వేసుకున్నా బస్సు హారన్ కొడితే అవతలివాళ్లు 'ఆ సౌండేంటి' అని అడిగేవాళ్లు, ఇక గూడ్సు బండిని ఏ హెడ్‌సెట్ ఆపుతుంది! చాట్, ఈమెయిల్ ప్రాసెస్ చూడు. చాట్‌లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి జవాబివ్వాల్సి వస్తుంది, ఇప్పట్నుంచే టైపింగ్ ప్రాక్టీస్ చెయ్యి. తెలుగు, హిందీ రెండూ వస్తే మన దేశంలోని కస్టమర్లకు పగటిపూట చేసే పని వెతుక్కో, రాత్రి నిద్ర పాడుచేసుకుని పొద్దున బాబు వెంట పరిగెత్తడం చాలా కష్టం. వైఫై కాకుండా రౌటర్ నుంచి కంప్యూటర్‌కి లాన్ వైరు పెట్టుకో. వానాకాలం మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందేగా, రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఉండాలి.

ఫ్రీలాన్స్ అంటే పీఎఫ్ ఉండదు, జ్వరమొచ్చి పడుకుంటే ఆ రోజు డబ్బులూ ఉండవు. టీడీఎస్, అంటే డబ్బులిచ్చేముందే కోసే పన్ను, పట్టుకుంటే అది నీ పాన్ మీద ఇన్‌కమ్ ట్యాక్స్ వెబ్‌సైట్‌లో కనిపించాలి, చూసుకో. నీ ఆదాయానికి పన్ను పడకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ముందు వారానికి మూడు రోజులు, బాబు పడుకునే మధ్యాహ్నం రెండు గంటలు మాత్రం తీసుకో. మొదటి పేమెంట్ అకౌంట్లో పడ్డాకే స్లాట్లు పెంచు.