పంచాయతీలో పైసల్లేవట, పిల్లల్ని రోడ్డు దాటించేదెవరు?

ప్రశ్న: మాది ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఓ పల్లె. హైస్కూలు మెయిన్ రోడ్డుకు అవతల ఉంది. బడి వేళకు పంచాయతీ వర్కర్ ఒకాయన ఎర్రజెండా పట్టుకుని నిలబడి పిల్లల్ని దాటించేవాడు. నిధులు రావట్లేదని మనుషుల్ని తగ్గించి, ఆయన్ని వేరే పనికి మార్చేశారు. జీబ్రా గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. అడిగితే ‘పైసల్లేవమ్మా, నేనేం చెయ్యను’ అంటున్నారు కార్యదర్శి. కోర్టుకు వెళ్లొచ్చా? ఊళ్లో యూత్ తామే స్పీడ్ బ్రేకర్ వేస్తామంటున్నారు, వెయ్యొచ్చా?
– ఒక తల్లి

జవాబు: రెండో ప్రశ్న ముందు తీసుకుంటానమ్మా, అది ఈ రాత్రికే జరిగిపోయే పని కాబట్టి. వద్దని గట్టిగా చెప్పండి. అనుమతి లేకుండా వేసిన దిమ్మ మీద చీకట్లో ఎవరిదైనా బైకు ఎగిరిపడి ప్రాణం పోతే, ఆ కేసు దిమ్మ వేసినవాళ్ల మెడకే చుట్టుకుంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల్లో మామూలు హంప్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. దానికి ముందు హెచ్చరిక బోర్డు ఉండాలి. మన ఊళ్లలో రాత్రికి రాత్రి లేచే దిమ్మలకు ఎత్తే తప్ప వెడల్పు ఉండదు.

ఇక నిధుల సంగతి. మీ కార్యదర్శి చెప్పేది సాకు కాకపోవచ్చు. తెలంగాణలో పంచాయతీ పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి 1తో ముగిసింది, మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం గ్రాంట్లు రావు. ఆ మధ్యకాలంలో ట్రాక్టర్ డీజిల్‌కు సొంత జేబులోంచి పెట్టుకున్న కార్యదర్శులు ఎంతోమంది. పైగా జెండా పట్టుకునే మనిషిని పెట్టి తీరాలని పంచాయతీరాజ్ చట్టంలో ఎక్కడా లేదు. ఆయన్నే మళ్లీ పెట్టమని కోర్టుకెళితే ఫీజు దండగ.

అసలు చూడాల్సింది ఆ రోడ్డు ఎవరిదన్నది. దగ్గర్లోని కిలోమీటరు రాయి చూడండి. తల పసుపుగా ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి. రాష్ట్ర రహదారైతే గీతలు, ‘పాఠశాల ఉంది’ బోర్డు, వేగం తగ్గించే ఏర్పాట్లు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల) శాఖ పని. పంచాయతీ ఖజానా నిండినా ఎండినా ఆ బాధ్యత మారదు. జాతీయ రహదారి మీదైతే స్పీడ్ బ్రేకర్ అడగకండి, ఒప్పుకోరు. రంబుల్ స్ట్రిప్స్ (వేగం తగ్గించమని హెచ్చరించేలా రోడ్డుకు అడ్డంగా వేసే సన్నటి పట్టీలు), జీబ్రా గీతలు అడగండి.

బడిలోని అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ చేత తీర్మానం చేయించి, ఆర్ అండ్ బీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఈఈ)కి ఇవ్వండి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు కాబట్టి ఒక కాపీ సోమవారం ప్రజావాణిలో ఇవ్వండి. ఇలాంటి కమిటీ ప్రతి జిల్లాలో ఉండాలని రోడ్డు భద్రత మీద నడిచిన రాజశేఖరన్ కేసులో సుప్రీంకోర్టు 2017లోనే ఆదేశించింది. బడి వేళకు ఒక హోంగార్డును పెట్టమని పోలీస్ స్టేషన్‌లో కూడా కాగితం ఇవ్వండి. దానికి పంచాయతీ పైసా ఖర్చు పెట్టక్కర్లేదు. అన్నిచోట్లా తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి.

ముద్ర కోసం ఇంత పట్టు ఎందుకంటే, మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ ఉంది. రోడ్డు నిర్వహణలో ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యులైన సంస్థకు లక్ష రూపాయల దాకా జరిమానా. ఆ ప్రమాదం సంగతి అధికారులకు ముందే తెలుసా అన్నది కోర్టు అక్కడ చూస్తుంది. మీ కాగితం ఫైల్లో ఉంటే ‘మాకు తెలియదు’ అనే మాట చెల్లదు. ఇది ఘోరం జరిగాక పనికొచ్చే సెక్షన్, నిజమే. కానీ దరఖాస్తులో ఆ నంబరు కనిపిస్తే ఇంజనీర్లు ఫైలు పక్కన పడెయ్యరు.

ఆర్ అండ్ బీ వాళ్లు కూడా బడ్జెట్ లేదంటే? మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ సరిగ్గా అదే వాదించింది. మురుగు కాలువల కంపు భరించలేక జనం మేజిస్ట్రేట్ దగ్గరకు వెళితే, డబ్బుల్లేవంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చట్టం పెట్టిన విధికి ఖాళీ ఖజానా మినహాయింపు కాదని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చేశారు. ఆ కేసు నడిచిన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133 సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152 అయింది. మీ బడి దారిలో కంచె లేని గొయ్యి ఉన్నా, రోడ్డును ఆక్రమించి నడక దారికి ఎవరైనా అడ్డం పెట్టినా దాని కింద ఆర్డీవోకు అర్జీ పెట్టొచ్చు. చెరిగిన గీతల కోసం మాత్రం ఆ దారి కష్టం, దానికి హైకోర్టులో రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్ వేయాలి. ముందు అడిగి, వాళ్లు పట్టించుకోలేదని చూపిస్తేనే రిట్ నిలుస్తుంది.

నెలా రెండు నెలలు చూసి, కదలిక లేకపోతే ఆ రసీదులు, రోడ్డు ఫొటోలు తీసుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. ఫోన్ నంబరు 15100.