బట్టల మీద బూడిద తగ్గింది, బాబు దగ్గు ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఊరి పక్కనే పాత థర్మల్ ప్లాంటు ఉంది. మావారు బూడిద లారీల లోడింగ్‌కు వెళ్తారు. మా బాబుకు ఎనిమిదేళ్లు. రెండు నెలలుగా తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు. ఈమధ్య యూనిట్లు తగ్గించి నడుపుతున్నారట, డాబా మీద ఆరేసిన బట్టలపై బూడిద కూడా తగ్గింది. దగ్గు మాత్రం అలాగే ఉంది. ఊరు మారిపోవాలా? టెన్షన్‌గా ఉంది.
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి. మీరు చెప్పిన లక్షణాలు వింటే ఆస్తమా అనుమానం వస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లాడు గట్టిగా ఊదగలడు కాబట్టి స్పైరోమెట్రీ (ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష) చేయించవచ్చు. ఇన్నాళ్ల దగ్గు కాబట్టి టీబీ లేదని కూడా తేల్చుకోవాలి. ఇన్‌హేలర్ రాస్తే, అలవాటైపోతుందని ఇంట్లో ఎవరో ఒకరు అడ్డుపడతారు. వినకండి. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) వాడితే కొద్దిపాటి మందు చాలు, అది నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. వాడాక నోరు పుక్కిలించమనండి.

ఇక ప్లాంటు. బట్టల మీద బూడిద చూసి గాలిని అంచనా వేయొద్దు. కంటికి కనిపించే రేణువులు చాలావరకు ముక్కు, గొంతులోనే ఆగిపోతాయి. లోతుకు దిగేవి 2.5 మైక్రాన్ల లోపువి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వాటికి తోడు బొగ్గులోని గంధకం మండి పుట్టే సల్ఫర్ డయాక్సైడ్ ఉంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు అది నిమిషాల్లోనే శ్వాసనాళాలను బిగించేస్తుంది.

విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో 1979లో మొదలైన 210 మెగావాట్ల యూనిట్ లాంటిది పూర్తి లోడుతో, అంటే పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు మూడు వేల టన్నులకు పైగా బొగ్గు కావాలి. మన బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. అంటే రోజుకు వెయ్యి టన్నుల పైమాటే, అందులో ఎక్కువ భాగం పొగతో పైకి లేస్తుంది. చిమ్నీకి ముందుండే ఈఎస్‌పీ (కరెంటుతో బూడిదను లాగి పట్టే యంత్రం) దాన్ని పట్టాలి. వెయ్యి టన్నుల్లో 99.9 శాతం పడితే బయటికి పోయేది ఒక టన్ను, 99 శాతమే పడితే పది టన్నులు. పాత ఈఎస్‌పీలో కొన్ని ఫీల్డులు (వరుసగా ఉండే అరలు) మొరాయిస్తే ఇదే జరుగుతుంది. నిబంధనలు కూడా పాతవాటిపై మెతకే. 2003కు ముందటి యూనిట్లకు ఘనపు మీటరు పొగలో 100 మిల్లీగ్రాముల ధూళి దాకా అనుమతి ఉంటే, 2017 నుంచి వచ్చినవాటికి 30 మాత్రమే. గంధకపు పొగను కడిగే ఎఫ్‌జీడీ యంత్రాల నుంచి 2025 జులైలో కేంద్రం చాలా ప్లాంట్లకు మినహాయింపు ఇచ్చింది. ఊపిరితిత్తుల డాక్టరుగా నాకది మింగుడుపడలేదు.

లోడు తగ్గిస్తే మొత్తం పొగ తగ్గుతుంది, నిజమే. అయితే యూనిట్ ఆపి మళ్లీ వెలిగించేటప్పుడు ముందు ఆయిల్ మండిస్తారు, అప్పుడు ఈఎస్‌పీ పూర్తిగా పనిచేయదు. ప్లాంటు బూడిదను నీళ్లతో కలిపి వదిలే బూడిద చెరువుకైతే లోడుతో పనే లేదు. ఎండి, గాలి లేచిందంటే యూనిట్లు ఆగి ఉన్నా ఊరి మీదికి వస్తుంది. అన్నట్టు, నడిచే ప్లాంట్లలో లావాటి కూలింగ్ టవర్ల నుంచి వచ్చే తెల్లటిది నీటి ఆవిరే, చూడాల్సింది చిమ్నీని.

మీ ఇంట్లో నాకు ఎక్కువ అనుమానం మీవారి డ్యూటీ బట్టల మీదే. నాన్న రాగానే పిల్లాడు వెళ్లి హత్తుకుంటాడు కదా! బట్టలు బయటే విప్పి, దులపకుండా నీళ్లలో నానబెట్టండి. ఆయన స్నానం చేశాకే బాబును ఎత్తుకోవాలి. ఫ్లై యాష్‌లో, అంటే పొగతో లేచే ఆ సన్నటి బూడిదలో, ఊపిరితిత్తులను దెబ్బతీసే సిలికా ఉంటుంది కాబట్టి ఆయనకు కర్చీఫ్ చాలదు, ఎన్95 మాస్క్ వాడాలి, ఎక్స్‌రే, స్పైరోమెట్రీ చేయించుకోవాలి. ఇంట్లో చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవండి. దోమల కాయిల్, అగరుబత్తి మానేయండి.

ఊరు మారే నిర్ణయం ఇప్పుడే వద్దు. రెండు మూడు నెలలు మందులు సరిగ్గా వాడి చూడండి. సెలవుల్లో అమ్మమ్మగారింటికి వెళ్లినప్పుడు ఏ రాత్రి దగ్గాడో, ఏ రాత్రి దగ్గలేదో రాసి పెట్టి, ఆ కాగితం డాక్టరుకు చూపించండి. అక్కడ స్పష్టంగా తగ్గి, ఇక్కడికి రాగానే తిరగబెడితే అప్పుడు ఇల్లు మారడం గురించి ఆలోచిద్దాం. ఈలోగా పక్కటెముకలు లోపలికి లాగుతున్నా, మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.