యూకేలో 18 రేటింగ్ గేమ్ మైనర్‌కి అమ్మితే శిక్ష ఎవరికి: ఓనరుకా, కౌంటర్‌లో ఉన్నవాళ్లకా?

మీరు అడిగింది ఇదీ: గేమ్స్ షాపులో పార్ట్‌టైమ్ చేస్తున్నారు, పొరపాటున 16 ఏళ్ల కుర్రాడికి 18 గేమ్ అమ్మితే జరిమానా ఎవరు కడతారు, జైలు మాట నిజమేనా అని.

నిజమే. గేమ్ ఎవరు అందించారో కేసు వాళ్ల మీదే పెట్టొచ్చు. కౌంటర్‌లో మీరుంటే అది మీరే. 1984 నాటి వీడియో రికార్డింగ్స్ చట్టం, సెక్షన్ 11 ప్రకారం గరిష్ఠ శిక్ష 6 నెలల జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. జరిమానాకి పాత పరిమితి 5,000 పౌండ్లు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 మార్చి నుంచి ఆ పరిమితి ఎత్తేశారు. ఇవి గరిష్ఠాలు మాత్రమే, తప్పు తీవ్రతను బట్టి కోర్టు తేలుస్తుంది. వీసా మీద ఉన్నవాళ్లకి మాత్రం జరిమానా కంటే శిక్ష పడిన రికార్డే ఎక్కువ నష్టం. తర్వాత పెట్టే యూకే వీసా దరఖాస్తుల్లో దాన్ని చెప్పాల్సిందే.

'గేమ్ అమ్మితే నేరమేం కాదు' అని ఎవరైనా అంటే వాళ్లు అమెరికా సంగతి చెబుతున్నట్టు. కాలిఫోర్నియా 2005లో 1,000 డాలర్ల జరిమానాతో చట్టం చేస్తే, భావప్రకటన స్వేచ్ఛకి విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 2011లో 7-2 తేడాతో కొట్టేసింది. ఆ తీర్పుకీ బ్రిటన్‌కీ సంబంధం లేదు.

ఇక ఓనరు సంగతి. ఆయన మీదా కేసు పెట్టొచ్చు. చాలామందికి తెలియనిది సెక్షన్ 14ఎ. తప్పు వేరేవాళ్ల వల్ల జరిగింది, నేను తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాను అని చూపించగలిగితే ఓనరు బయటపడతాడు. ఆ 'వేరేవాళ్లు' సాధారణంగా మీరే. మీకు శిక్షణ ఇచ్చినట్టు సంతకం పెట్టించుకున్న కాగితం అప్పుడు ఆయన చేతిలో ఉంటుంది. కాబట్టి శిక్షణ నిజంగా ఇస్తేనే ఆ కాగితం మీద సంతకం పెట్టండి, ఒక కాపీ దగ్గరుంచుకోండి. శిక్షణే ఇవ్వని ఓనరుకి ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే. పైగా కంపెనీ చేసిన నేరం డైరెక్టరు లేదా మేనేజరు నిర్లక్ష్యం వల్ల జరిగిందని తేలితే వాళ్ల మీద వ్యక్తిగతంగానూ కేసు పెట్టొచ్చు.

మీకున్న రక్షణ వేరు. ఎదుటి మనిషికి ఆ వయసు లేదని మీకు తెలియదనీ, అనుమానించడానికి సరైన కారణమూ లేదనీ నిలబెట్టుకోవాలి. 'పెద్దవాడిలా కనిపించాడు' అంటే సరిపోదు. ఐడీ చూశాను అంటే దానికి బరువుంటుంది. షాపులు 25 ఏళ్లలోపు కనిపించే ప్రతి ఒక్కరినీ ఐడీ అడగమనేది ఇందుకే. అది షాపు నియమం, చట్టంలో ఉన్న వయసు 18.

ఐడీ అంటే పాస్‌పోర్టు, ఫొటో డ్రైవింగ్ లైసెన్సు, 'పాస్' (యూకేలో వయసు రుజువు కార్డుల పథకం) హోలోగ్రామ్ ఉన్న కార్డు. ఫోన్‌లో తీసిన ఫొటో చూపిస్తే వద్దనండి. లైసెన్సుతోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ప్రొవిజనల్ లైసెన్సుకి 15 ఏళ్ల 9 నెలలకే దరఖాస్తు చేసుకోవచ్చు, కాబట్టి కార్డు ఉన్నంత మాత్రాన 18 నిండినట్టు కాదు. పుట్టిన తేదీ 3వ నంబరు పక్కన ఉంటుంది. రద్దీలో కింద 4ఎ దగ్గరున్న జారీ తేదీని చూసి పొరబడేవాళ్లున్నారు. సంవత్సరం ఒక్కటే తీసేసి లెక్కేయడం ఇంకో పొరపాటు. 2008 సెప్టెంబరులో పుట్టినవాడు 2026 జూన్‌లో వస్తే వాడికి ఇంకా 17.

18 ఎరుపు గుర్తు అందరి కంటా పడుతుంది. అందరూ మరిచిపోయేది 12, 16. 2012 జూలై 30 నుంచి పెగీ (యూరప్‌లో గేమ్‌లకిచ్చే వయసు రేటింగ్) రేటింగుల్లో 12, 16, 18 మూడింటికీ చట్టబలం ఉంది. 3, 7 సలహా మాత్రమే. పదేళ్ల పిల్లాడికి 12 గేమ్ అమ్మినా అదే సెక్షన్, అదే శిక్ష. ఆ వయసు పిల్లల దగ్గర ఐడీ ఉండదు కాబట్టి అమ్మానాన్నలతో రమ్మనడమే దారి. పెద్దవాళ్లు తమ డబ్బుతో కొని ఇంట్లో పిల్లలకిస్తే ఈ చట్టం కింద నేరం కాదు, ఎందుకంటే అది వ్యాపారమూ కాదు, ప్రతిఫలమూ లేదు. కానీ పిల్లాడే డబ్బు తీసి, 'అన్నయ్య బయట ఉన్నాడు' అంటే మీరు అమ్మేది పిల్లాడికే.

సెకండ్‌హ్యాండ్ అరల దగ్గర మరింత జాగ్రత్త. షాపు సొంత బార్‌కోడ్ అంటించిన డిస్కుకి బిల్లింగ్ మెషిన్‌లో వయసు హెచ్చరిక పెట్టి ఉండకపోవచ్చు. అట్ట మీద గుర్తు చూడండి, అట్ట మారిపోయి ఉంటే డిస్కు మీద చూడండి. 2012కి ముందు వాటిలో కొన్నిటి మీద పెగీ బదులు బీబీఎఫ్‌సీ (బ్రిటన్‌లో సినిమాలకి రేటింగ్ ఇచ్చే సంస్థ) 15 లేదా 18 ఉంటుంది, దానికీ చట్టబలం ఉంది. మార్పిడి, అద్దె, అరువు కూడా 'అందించడం' కిందికే వస్తాయి. ప్రచారం కోసం షాపు ఉచితంగా పంచినా వ్యాపారంలో భాగమే.

తనిఖీ ఎలా చేస్తారంటే, ట్రేడింగ్ స్టాండర్డ్స్ (షాపులు చట్టం పాటిస్తున్నాయో లేదో చూసే స్థానిక ప్రభుత్వ విభాగం) వాళ్లు మైనర్ వాలంటీర్‌ని మామూలు కొనుగోలుదారులా పంపిస్తారు. మీరు అమ్మేస్తే అధికారి వచ్చి పేరు రాసుకుంటారు. కాషన్ (మీరు చెప్పేది సాక్ష్యంగా వాడొచ్చన్న హెచ్చరిక) చదివి ప్రశ్నలు వేసే ఇంటర్వ్యూకి పిలిస్తే లాయర్ సలహా తీసుకున్నాకే వెళ్లండి. అమ్మకం నిరాకరించిన ప్రతిసారీ తేదీ, సమయం, గేమ్ పేరు, కారణం, మీ పొడి సంతకం రిజిస్టరులో అప్పటికప్పుడే రాయండి. తనిఖీ అయ్యాక మాత్రం పాత ఎంట్రీలు దిద్దకండి. అది అసలు తప్పు కంటే పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది.

ఆన్‌లైన్ డౌన్‌లోడ్‌లకి ఈ చట్టం వర్తించదు, ఇది డిస్కులూ కార్ట్రిడ్జిల గురించే. అయినా పెట్టెలో కోడ్ మాత్రమే ఉన్న గేమ్‌కి కూడా మీ షాపు వయసు అడగమంటే అడగండి. కాదంటే పోయేది మీ ఉద్యోగం.