గేర్ బాక్స్ దించక తప్పదా?

ప్రశ్న: మాది 2011 మోడల్ ఆల్టో. రెండు నెలలుగా రాత్రి కారు పెట్టిన చోట పొద్దున్నే రూపాయి బిళ్ళంత నూనె మరక కనిపిస్తోంది. గేర్ బాక్స్ దించి సీల్ మార్చాలి, పనిలో పనిగా క్లచ్ ప్లేటు కూడా వేయించుకోమని మెకానిక్ అంటున్నాడు. అంత ఖర్చు తప్పదా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నూనె ఎక్కడి నుంచి కారుతోందో మీకు చూపించాడా? చూపించకపోతే ఇంకా ఒప్పుకోకండి. గేర్ బాక్స్ అడుగంతా కిరోసిన్ గుడ్డతో తుడిపించి, పది కిలోమీటర్లు తిప్పి, కింద అట్టముక్క వేసి రాత్రంతా ఉంచండి.

చక్రాన్ని తిప్పే కడ్డీ, అంటే యాక్సిల్, గేర్ బాక్స్‌లోకి దూరే చోట తడి ఉంటే అది యాక్సిల్ సీల్, అంటే అక్కడ నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు. దానికి గేర్ బాక్స్ దించనక్కర్లేదు. చక్రం విప్పి, యాక్సిల్ లాగి మార్చేయొచ్చు. ఇంజనూ గేర్ బాక్సూ కలిసే అతుకు దగ్గర కారుతుంటే మాత్రం మీ మెకానిక్ మాట నిజమే. అప్పుడు చుక్కను వేలితో తీసి వాసన చూడండి. గంధకం ఘాటు ఉంటే గేర్ ఆయిల్, అంటే గేర్ బాక్స్ ముందు సీల్. నల్లగా, ఆ ఘాటు లేకుండా ఉంటే ఇంజన్ వెనక సీల్. ఈ రెండింటిలో ఏదైనా క్లచ్ ప్లేటు మీద నూనె పడే ప్రమాదం ఉంది. దించే కూలీ ఎలాగూ ఇస్తారు కాబట్టి ప్లేటు తడిసినా, అరిగినా అప్పుడే మార్చుకోవడం మంచిది.

యాక్సిల్ సీలే అయితే ఒక్క సంగతి పట్టుబట్టి చేయించండి. విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు పెట్టిన కొత్తలో నేనొక కారుకి కొత్త సీల్ వేసి పంపాను. పది రోజుల్లో అదే కారు అదే మరకతో తిరిగొచ్చింది. యాక్సిల్ లాగి గోరుతో రాస్తే, సీల్ పెదవి ఆనే చోట గాడి పడి ఉంది. గాడి మీద ఎంత కొత్త రబ్బరైనా నిలవదు. ఆ కారు యజమానిని రెండోసారి తిప్పినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటి నుంచి గోరు రాయకుండా నేను సీల్ బిగించలేదు. గేర్ బాక్స్ పైనున్న బ్రీదర్, అంటే లోపలి గాలి బయటికి పోయే సన్నని దారి, కూడా చూడమనండి. అది మట్టితో పూడితే లోపల వేడికి ఒత్తిడి పెరిగి, నూనె కొత్త సీల్‌ని కూడా దాటుకుని వస్తుంది.

సీల్‌ని సుత్తితో ఒక పక్క కొట్టి ఎక్కించకూడదు. పెదవికి కాస్త గ్రీజు రాసి, సీల్ అంచుకి సరిపడే పైపు ముక్క ఆనించి, చుట్టూ సమంగా దిగేలా కొట్టాలి. నూనె వదిలేముందు నింపే బోల్టు ఊడుతోందో లేదో చూసుకోవాలి. అది పట్టేసి ఉంటే, ఖాళీ చేశాక మళ్ళీ పోసే దారి ఉండదు. కారు చదునుగా ఉన్నప్పుడు ఆ రంధ్రం అంచుకి వచ్చేదాకా పోస్తే చాలు. గ్రేడు మాత్రం మీ కారు పుస్తకంలో ఉన్నదే తెప్పించండి. జీఎల్-4 అని ఉన్న చోట జీఎల్-5 మాత్రమే రాసి ఉన్న డబ్బా పోస్తే, కొన్ని రకాలు లోపలి ఇత్తడి రింగుల్ని తినేస్తాయి.

మరక చిన్నదే కదా అని ఈలోగా తిరుపతి ప్రయాణం పెట్టుకోకండి. గేర్ ఆయిల్ తగ్గిందని చెప్పే లైటు డాష్‌బోర్డులో ఉండదు. రెండు నెలల్లో ఎంత పోయిందో, ముందు ఆ నింపే బోల్టు విప్పి చూడాల్సిందే.