పాత బండికి బోర్ పనా, కొత్త బండికి కిస్తీలా?

ప్రశ్న: సార్, మాది దామలచెరువు దగ్గర పల్లె. 2012 మోడల్ టాటా ఏస్ ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, అప్పు తీరిపోయింది. కూరగాయలు చిత్తూరుకు, సీజన్‌లో మామిడికాయలు మండీకి, గుజ్జు ఫ్యాక్టరీలకు బాడుగకు తోలుతాను. డీజిల్ పోను నెలకు సగటున 22 వేలు మిగులుతుంది. చిన్నప్పుడు షెడ్డులో పనిచేశాను కాబట్టి ఆయిల్, ఫిల్టర్లు, బెల్టులు నేనే మార్చుకుంటాను. ఈ మధ్య పొగ ఎక్కువైంది. ఇంజిన్ బోర్ చేయాలి, అంటే అరిగిన సిలిండర్లను లోపల సాపు చేసి కొత్త పిస్టన్లు, రింగులు వేయాలి, 45 వేలు అవుతుందని మెకానిక్ అంటున్నాడు. లక్ష కడితే కొత్త బండి ఇప్పిస్తామని ఫైనాన్స్ వాళ్లు వస్తున్నారు. 4 లక్షల అప్పు, 12 శాతం ఫ్లాట్ వడ్డీ, మూడేళ్లు. చీటీ పాడితే 60 వేలు వస్తుంది. మిగతాదానికి మా ఆవిడ నగలు కుదువ పెట్టాలి. ఏం చేయమంటారు?

జవాబు: బండి బాగు చేయించండి. నగలు ఇంట్లోనే ఉండనివ్వండి.

ముందు ఆ 12 శాతం సంగతి చూద్దాం. ఫ్లాట్ వడ్డీ అంటే మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా, మూడేళ్లూ మొత్తం 4 లక్షల మీదే వడ్డీ లెక్క కడతారు. ఏడాదికి 48 వేల చొప్పున 1,44,000 వడ్డీ. కిస్తీ నెలకు 15,111. తగ్గే అసలు మీద లెక్క వేసి చూస్తే ఇది 21 శాతం పైనే. మీకు మిగిలే 22 వేలలో కిస్తీ పోతే చేతికి వచ్చేది 7 వేలు కూడా కాదు. పైగా నగల మీద వడ్డీ. బాడుగలు పలచబడే నెలల్లో ఇల్లు ఎలా గడుస్తుంది? 45 వేల రిపేరు అంటే ఆ కొత్త బండికి కట్టే మూడు కిస్తీలు, అంతే.

అయితే ఇంజిన్ విప్పించేముందు పొగ రంగు చూడండి. నల్లగా వస్తుంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో, డీజిల్ చిమ్మే నాజిల్స్ సరిగా లేవేమో. ఆ పని చాలా తక్కువలో అయిపోతుంది. నీలంగా వస్తూ, ఆయిల్ తరచూ తగ్గుతుంటే రింగులు, బోర్ అరిగినట్టు అనుకోవచ్చు. మరో షెడ్డులో కంప్రెషన్, అంటే సిలిండర్లో ఒత్తిడి, చెక్ చేయించి, రెండో మాట కూడా వినండి. విప్పాక క్రాంక్ కూడా పోయిందని తేలి, ఖర్చు 55 వేలు దాటేలా ఉంటే అక్కడ ఆగి నాకు మళ్లీ రాయండి. రిపేరు కోసం చీటీ పాడినా, ఆ డబ్బులో మిగిలేది అత్యవసరానికి ఉండాలి, మొత్తం ఇంజిన్‌కే పోయకూడదు.

మీ పని మీరే చేసుకోవడం మంచి అలవాటు. కానీ అందులో కనపడని ఖర్చు ఒకటి ఉంది, అది ఆగిపోయిన రోజు. మా నాన్నగారికి పాత మటాడోర్ వ్యాను ఉండేది. స్పేర్ పార్టు మీద నాలుగు వందలు మిగిల్చారని సంతోషించేవారు. దాన్ని బిగించడానికి మూడు రోజులు బండి ఇంటి ముందే నిలబడేది, ఆ మూడు రోజుల బాడుగ మాత్రం ఎవరూ లెక్క రాసుకోలేదు. మామిడి సీజన్‌లో రోజుకు 2 వేలు మిగిలే బండి ఐదు రోజులు ఆగితే 10 వేలు పోయినట్టే. పైగా మండీ వాళ్లు ఒకసారి వేరే బండి పిలిచారంటే, మళ్లీ మిమ్మల్నే పిలుస్తారన్న నమ్మకం లేదు. అందుకే ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, కిలోమీటర్లు, డీజిల్, రిపేరు, బండి ఆగిన రోజులు రాయండి. ఆరు నెలలు రాస్తే ఏ పని మీరు చేసుకోవాలో, ఏది షెడ్డుకు ఇవ్వాలో ఆ పుస్తకమే చెబుతుంది.

బ్రేకులు, స్టీరింగ్ మాత్రం ఇప్పుడే షెడ్డుకు వదిలేయండి. నిండు లోడుతో తిరగాల్సిన బండి అది. ఇక్కడ డబ్బు మిగల్చాలనే ఆలోచనే వద్దు.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఆర్టీఓ దగ్గర ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలని మీకు తెలిసే ఉంటుంది. అది, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ రెండూ ఒక్కరోజు కూడా తప్పకూడదు. ఫిట్‌నెస్ లేని బండికి ప్రమాదం జరిగితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది, ఆ నష్టం ముందు ఈ 45 వేలు చాలా చిన్నవి. వయసు పెరిగేకొద్దీ ఆర్టీఓ ఖర్చులూ పెరుగుతాయి. కాబట్టి ఈ బండిని ఇంకో రెండు మూడేళ్లకే అనుకోండి.

ఆ తర్వాత కోసం ఇప్పటి నుంచే నెలకు 5 వేలు బ్యాంకులో మూడేళ్ల ఆర్డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేయండి. కిస్తీ 15 వేలు కడదామని సిద్ధపడ్డ మీకు ఇది భారం కాదు. 6 నుంచి 6.5 శాతం వడ్డీ వచ్చినా చివరకు దాదాపు 2 లక్షలు చేతికొస్తాయి. పోస్టాఫీసు ఆర్డీ అయిదేళ్లది, మీ లెక్కకు అది పొడవు. అప్పుడు పాత బండి అమ్మిన డబ్బు కూడా కలిపి, తక్కువ అప్పుతో బండి తీసుకోవచ్చు. ఆ రోజు ఫ్లాట్ వడ్డీ మాటెత్తిన వాళ్ల దగ్గరికి వెళ్లకండి, బ్యాంకులో చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్రా లోన్ అడగండి.

ఒక్క తొందర మాత్రం ఉంది. బోర్ చేయించిన ఇంజిన్‌కు మొదటి వెయ్యి కిలోమీటర్లు నిండు లోడు వేయకూడదు, ఆ తర్వాత ఆయిల్ మార్చాలి. తోతాపురి మామిడి కోతలు మొదలయ్యేసరికి ఆ వెయ్యీ తిరిగి ఉండాలంటే, ఏప్రిల్ మొదటి వారానికల్లా బండి షెడ్డు నుంచి బయటికి రావాలి.