జపాన్ బేస్‌బాల్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. జపాన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో విదేశీ ఆటగాళ్లు ఎలా నిలదొక్కుకున్నారు, ఎలా నిలబడలేక వెనక్కి వెళ్లిపోయారు అన్న విషయాన్ని ఒక తెలుగు కుర్రాడు ఇంత పట్టుదలగా రాయడం నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నా, ఏమీ అనుకోకు.

నా పెద్ద ఫిర్యాదు ఒక్కటే. నీ రాతలో ప్రతి సంఘటనా చివరికి వచ్చేసరికి 'అది జపాన్ సంస్కృతి' అన్న మాట దగ్గర ఆగిపోతోంది. ఆటగాడు అదనపు ప్రాక్టీస్ చెయ్యనన్నాడు, సంస్కృతి తేడా. కోచ్ కోప్పడ్డాడు, మళ్లీ సంస్కృతి. అలా అన్నాక చదివేవాడికి ఇంకేం మిగులుతుంది? సమురాయ్‌లనీ చెర్రీ పూలనీ మొత్తం తీసెయ్. వాటి బదులు ఆ రోజు ఆ ఆటగాణ్ణి ఎవరు ఏం చెయ్యమన్నారు, ఎందుకు చెయ్యమన్నారు, కాదంటే అతనికి పోయేదేమిటి, ఈ మూడూ రాయి. సంస్కృతి అనేది ఉంటే అందులోనే కనబడుతుంది, నువ్వు వేరే పేరు పెట్టి చెప్పక్కర్లేదు.

ఉదాహరణకు ఫిబ్రవరి 1. అక్కడ జట్లన్నీ ఆ రోజే క్యాంప్ మొదలుపెడతాయి, ఎక్కువగా ఒకినావాలోనో మియజాకిలోనో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సాధన, ఆ తర్వాత కూడా విడిగా బ్యాటింగ్. అమెరికాలో పదేళ్లు ఆడి, ముప్ఫై దాటాక అక్కడికి వచ్చినవాడికి తన ఒంటి సంగతి తనకు తెలుసన్న ధీమా ఉంటుంది. సీజన్ అంతా ఆడాలంటే ఇప్పుడే ఒంట్లో శక్తి ఖర్చు చెయ్యకూడదంటాడు. కోచ్ దృష్టిలో మాత్రం చెయ్యి అలసిపోయాక కూడా బ్యాట్ సరైన దారిలో వస్తేనే ఆ స్వింగ్ ఒంటికి పట్టినట్టు. ఇద్దరివీ ఒంటి గురించిన సిద్ధాంతాలే. ఇద్దరికీ చూపించడానికి వాళ్ల వాళ్ల గొప్ప ఆటగాళ్లున్నారు. నీ అధ్యాయంలో కోచ్ మూర్ఖుడిలా, ఆటగాడు తెలివైనవాడిలా కనిపిస్తున్నారు, అది సరిచెయ్యి.

ఇంకో సంగతి నువ్వసలు ముట్టుకోలేదు: ఉద్యోగం. చాలా ఏళ్లు మొదటి జట్టులో విదేశీయులు నలుగురికి మించి ఉండకూడదన్న పరిమితి ఉండేది, తర్వాత కొంత సడలించారు. అందుకే నెల రోజులు బంతి బ్యాట్‌కు తగలకపోతే రెండో జట్టుకు పంపేస్తారు, ఆ స్థానం కోసం ఇంకో విదేశీయుడు అక్కడే కాచుకుని ఉంటాడు. స్కూలు నుంచి తీసుకొచ్చిన జపాన్ కుర్రాడికి ఎదగడానికి ఏళ్లిస్తారు. విదేశీయుడికి ఎక్కువగా ఒక్క ఏడాది కాంట్రాక్టు, డబ్బు మాత్రం బాగా ఎక్కువ, కాబట్టి రాగానే కొట్టాలి. ఆ టెన్షన్ నీ పేజీల్లో లేకపోతే అతను కోచ్ మీద ఎందుకు విసుక్కున్నాడో ఎవరికీ అర్థం కాదు.

బాబ్ హార్నర్‌తో పుస్తకం మొదలుపెట్టావు. 1987లో యాకుల్ట్ స్వాలోస్‌కి వచ్చి, 93 ఆటల్లో 31 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టి, మరుసటి ఏడాదికే వెళ్లిపోయి, అక్కడి పద్ధతుల్ని తిట్టిపోసిన మనిషి. మొదటి పేజీకి బాగుంటాడని నీకు అనిపించడం సహజమే. కానీ అతను జపాన్‌కు ఎందుకు వచ్చాడో రాయలేదేం? ఆ రోజుల్లో అమెరికన్ జట్ల యజమానులు కూడబలుక్కుని, కాంట్రాక్టు ముగిసిన ఆటగాళ్లకు సరైన ధర ఇవ్వకుండా బిగబట్టారు. ఇంట్లో తలుపులు మూసుకుపోతే వచ్చినవాడు హార్నర్. ఇష్టపడి వచ్చినవాడికీ, గతిలేక వచ్చినవాడికీ కొత్త ఊరు ఒకేలా కనిపించదు కదా. అతన్ని పొగరుబోతుగా చూపించే ముందు ఈ ఒక్క పేరా రాసి చూడు, అధ్యాయం స్వరమే మారిపోతుంది. నన్నడిగితే అతనికి నాలుగు పేజీలు చాలు.

ఎక్కువ పేజీలు ఇవ్వాల్సింది అలెక్స్ రమీరెజ్‌కి. నువ్వేమో అతన్ని హోమ్ రన్ కొట్టాక కెమెరా ముందు నవ్వించే సరదా మనిషిగా రెండు పేరాల్లో తేల్చేశావు. వెనిజులావాడు, 2001లో యాకుల్ట్‌లో చేరాడు, తర్వాత యోమియురి జెయింట్స్, ఆపైన యోకొహామా డీఎన్ఏ బేస్టార్స్, మొత్తం 13 సీజన్లు. 2013లో జపాన్ లీగ్‌లోనే 2000 హిట్లు పూర్తి చేసిన మొదటి విదేశీ ఆటగాడయ్యాడు. తర్వాత బేస్టార్స్‌కి మేనేజర్, అంటే ప్రధాన కోచ్, అయి 2017లో జట్టును ఏడాది చివరి చాంపియన్‌షిప్ పోటీ అయిన జపాన్ సిరీస్‌కి తీసుకెళ్లాడు, 2019లో జపాన్ పౌరుడే అయ్యాడు. ఇలాంటివాణ్ణి 'కలిసిపోయే స్వభావం' అని తీసిపారేస్తే ఎలా?

అతను ఎలా నేర్చుకున్నాడో చూపించు. కొత్తగా వచ్చిన విదేశీ బ్యాటర్లందరికీ ఒకే కష్టం. అమెరికాలో బంతి విసిరే పిచర్ వెనకబడ్డప్పుడు, అంటే మూడు బంతులు బయట వేసేసి ఇక తప్పనిసరిగా లోపలికి వెయ్యాల్సి వచ్చినప్పుడు, నేరుగా వేగంగా వచ్చే బంతి పడుతుందని బ్యాటర్ కాచుకుంటాడు. జపాన్‌లో సరిగ్గా అప్పుడే, దగ్గరికి వచ్చాక కాళ్ల దగ్గర జారిపోయే ఫోర్క్ బాల్ పడుతుంది. బ్యాట్ గాల్లో ఊపి, తిట్టుకుంటూ వెళ్లి కూర్చుంటాడు. రమీరెజ్ పిచర్ని చదవడం తగ్గించి, బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ని చదవడం మొదలుపెట్టాడు. ఏ బంతి వెయ్యాలో వేళ్లతో సైగ చేసేది క్యాచర్ కాబట్టి, ఆ క్యాచర్ ఏ పరిస్థితిలో ఏం అడుగుతాడు, తన బంతిని కొట్టేస్తే మళ్లీ అదే అడుగుతాడా, పరుగులిచ్చేశాక భయపడతాడా, ఇవన్నీ పట్టుకున్నాడు. పిచర్లు వందమంది, క్యాచర్లు గుప్పెడు మంది. ఎంత తెలివైన పని! అలవాటు పడటం అంటే వంగి నమస్కారం పెట్టడం ఒక్కటే కాదు, ఆలోచన ఎవరి తలలో జరుగుతోందో కనిపెట్టడం కూడా. నీ పుస్తకానికి నడుం ఇదే అవ్వాలని నా కోరిక.

ఆ సరదా చేష్టల్ని కూడా కొట్టిపారెయ్యకు. గడ్డం కింద అరచెయ్యి అడ్డంగా పెట్టే ఆ భంగిమ జపాన్ టీవీలో ఇంటింటికీ తెలిసిన హాస్యనటుడు కెన్ షిమురాది. భాష రాని మనిషి, స్టేడియంలో ఉన్న పిల్లలకీ ముసలివాళ్లకీ ఒకేసారి చేరే పని ఒకటి వెతుక్కున్నాడు. ఆ వెతుకులాట రాయి.

విదేశీయులు మారడమే రాశావు, వాళ్ల వల్ల ఆట మారడం రాయలేదు. వాలీ యోనమినే పేరు ఒక్కచోట కూడా లేదు, నాకు బాధనిపించింది. హవాయిలో పుట్టిన జపాన్ సంతతివాడు, అంతకుముందు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినవాడు, 1951లో జెయింట్స్‌లో చేరాడు. యుద్ధం ముగిసి ఎన్నేళ్లో కాలేదు. ముఖం చూస్తే మనవాడే, మాట్లాడితే పరాయివాడు, అందులోనూ మొన్నటిదాకా శత్రుదేశం నుంచి. బేస్ (పరుగెత్తేవాడు చేరాల్సిన చోటు) మీదికి ఫుట్‌బాల్ ఆటగాడిలా దూసుకెళ్లి, అక్కడ కాచుకున్న ఫీల్డర్ని పడగొట్టి ఆట చెడగొట్టేవాడు. అలా ఆడటం అక్కడ మర్యాద కాదనుకునేవారు, ప్రేక్షకులు తిట్టారు, రాళ్లు కూడా విసిరారు. క్రమంగా మిగతావాళ్లూ అలా పరిగెత్తడం నేర్చుకున్నారు. అతను మూడుసార్లు బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. తర్వాత చునిచి డ్రాగన్స్ మేనేజర్‌గా, వరసగా తొమ్మిదేళ్లు గెలిచిన తన పాత జట్టు జెయింట్స్‌ని ఆపి 1974లో లీగ్ గెలిచాడు. ఈ ఒక్క జీవితం చాలు, ఎవరు ఎవరికి అలవాటు పడ్డారో సులువుగా చెప్పలేమని పాఠకుడికి తెలియడానికి.

ఇప్పుడు అమెరికన్ బ్యాటర్ రాండీ బాస్ దగ్గరికి వద్దాం. నీ రాతలో బలమైన భాగం ఇదే, కాకపోతే సగమే రాశావు. 1985లో హాన్‌షిన్ టైగర్స్ తరఫున 54 హోమ్ రన్లు. జపాన్ బేస్‌బాల్ దిగ్గజం సదహరు ఓ 1964లో నెలకొల్పిన 55 రికార్డుకు ఒక్కటి తక్కువ. చివరి ఆట జెయింట్స్‌తో, ఆ జట్టు మేనేజర్ సాక్షాత్తూ ఆ సదహరు ఓయే. పిచర్లు బాస్‌కు కొట్టడానికి వీలైన బంతి వెయ్యకుండా నాలుగుసార్లు ఊరికే మొదటి బేస్‌కు పంపేశారు, దాన్నే వాక్ అంటారు. ఇంతవరకు నువ్వు రాశావు. ఆదేశం తనది కాదని సదహరు ఓ అన్నాడు. జెయింట్స్‌లోనే ఉన్న అమెరికన్ పిచర్ కీత్ కామ్‌స్టాక్ మాత్రం, బాస్‌కు స్ట్రైక్, అంటే కొట్టదగ్గ బంతి, వేస్తే జరిమానా అని తమ కోచ్ చెప్పాడని తర్వాత బయటపెట్టాడు. రెండు మాటలూ పక్కపక్కనే పెట్టు. అదే జట్టులోని సుగురు ఎగావా అంతకుముందు బాస్‌ను తప్పించుకోకుండా ఎదురెళ్లి బంతులు వేశాడన్నదీ రాయి, లేకపోతే జట్టంతా ఒకే మనిషిలా కనిపిస్తుంది.

ఆపైన అసలు సంగతి: విదేశీయుల నుంచి కాపాడుతున్నామనుకున్న ఆ రికార్డు ఎవరిది? సదహరు ఓ తండ్రి చైనావాడు, తల్లి జపానీ. అతను టోక్యోలో పుట్టి పెరిగినా జపాన్ పౌరుడు కాదు. 1957లో స్కూలు జట్టుకు వసంతకాలపు హైస్కూలు కోషియెన్ టోర్నమెంట్ గెలిపించిన కుర్రాణ్ణి, అదే ఏడాది జాతీయ క్రీడోత్సవంలో పౌరసత్వం లేదని ఆడనివ్వలేదు. నువ్వు ఈ విషయం వదిలేసి 'జపాన్ వాళ్లు తమవాడి రికార్డు కాపాడుకున్నారు' అని రాస్తే అది అబద్ధం కాకపోయినా బాగా చిన్న నిజం. విక్టర్ స్టార్ఫిన్ని కూడా ఇక్కడే తీసుకురా. రష్యాలో పుట్టి హొక్కైదోలోని అసహికవాలో పెరిగిన అతనికి యుద్ధకాలంలో జపాన్ పేరు పెట్టుకోక తప్పలేదు, ఇప్పుడు ఆ ఊరి స్టేడియానికి అతని పేరే ఉంది.

తర్వాత 2001. కింతెత్సు బఫెలోస్ ఆటగాడు టఫీ రోడ్స్ 55 దగ్గర ఆగాడు. ఈసారీ ఎదురుజట్టు మేనేజర్ సదహరు ఓ, ఈసారీ బంతులు బయటే. సదహరు ఓ జట్టు కోచ్ ఒకరు ఆ రికార్డును విదేశీయుడు దాటడం తనకిష్టం లేదని బహిరంగంగానే అన్నారు, ఆ తీరు సరికాదని లీగ్ కమిషనర్ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. 2002లో సెయిబు లయన్స్‌లో అలెక్స్ కబ్రేరా, మళ్లీ 55. చివరికి 2013 సెప్టెంబర్ 15న టోక్యోలోని జింగు స్టేడియంలో కరీబియన్ దీవి కురసావ్‌కు చెందిన వ్లదిమిర్ బాలెంతిన్ 56వది కొట్టాడు, ఆ సీజన్ 60తో ముగించాడు. జనం నిలబడి చప్పట్లు కొట్టారు. దీన్ని 'జపాన్ మారిపోయింది' అని రాసెయ్యాలని నీ చెయ్యి దురద పెడుతుంది, తెలుసు. ఆగు. ఆ ఏడాది లీగ్ ఎవరికీ చెప్పకుండా బంతిని ఇంకాస్త దూరం ఎగిరేలా మార్చింది, అది బయటపడి గొడవయ్యింది, కమిషనర్ రాజీనామా చేశాడు. మనసులు మారాయి, బంతీ మారింది. రెండూ రాయాలి.

బాస్ కథలో 1988 గురించి చాలా జాగ్రత్త. అతని కొడుక్కి మెదడులో కణితి. కొడుకు దగ్గర ఉండటానికి సీజన్ మధ్యలో అమెరికా వెళ్లాడు, సెలవు గడువు మీదా వైద్యం ఖర్చు మీదా క్లబ్‌తో తగవు వచ్చింది, క్లబ్ అతన్ని తీసేసింది. ఆ వ్యవహారం మధ్యలో నలిగిన క్లబ్ అధికారి ఒకాయన ఆత్మహత్య చేసుకున్నారు. నువ్వు దీన్ని 'కుటుంబం ముఖ్యమా, జట్టు ముఖ్యమా' అని రెండు దేశాల పోటీగా రాశావు. తీసెయ్. అటు ఒక తండ్రి, ఇటు యాజమాన్యానికీ ఆటగాడికీ మధ్య ఇరుక్కున్న ఒక ఉద్యోగి. కాంట్రాక్టులో ఏముందో, ఎవరు ఎవరికి ఏం చెప్పారో దొరికినంత రాసి ఆగిపో. విశేషణాలు వద్దు. ఇప్పుడు భార్య ప్రసవానికి విదేశీ ఆటగాళ్లు ఇంటికి వెళ్లి రావడం మామూలైపోయిందన్నది ఆ తర్వాత ఒక్క వాక్యంలో చెప్పు. 2023లో బాస్, రమీరెజ్ ఇద్దరూ ఒకే ఏడాది జపాన్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారన్నది కూడా నీకు పనికొస్తుంది.

మన పాఠకుల సంగతి. వాళ్లకు తెలిసింది క్రికెట్. ఐపీఎల్‌లోనూ ఆడే పదకొండు మందిలో విదేశీయులు నలుగురే, సన్‌రైజర్స్‌కి ఆడిన డేవిడ్ వార్నర్‌ని హైదరాబాద్ ఎంత సొంతం చేసుకుందో అందరికీ గుర్తుంది, కాబట్టి ఆ పోలిక ఒకసారి వాడుకో. కానీ వెంటనే తేడా చెప్పు: ఐపీఎల్ రెండు నెలలు, హోటల్ బస, డ్రెస్సింగ్ రూమ్‌లో ఇంగ్లిష్. అక్కడ ఫిబ్రవరి నుంచి అక్టోబర్ దాకా, పిల్లల స్కూలు, అద్దె ఇల్లు, రాత్రి జ్వరమొస్తే ఆస్పత్రి, అన్నీ పరాయి భాషలోనే. నియమాలు ముందే పేజీలకొద్దీ చెప్పకు, అవసరమైన చోట అర వాక్యంలో చెప్పు. 'వాక్ అంటే వైడ్ లాంటిది' అన్నావు, కాదు. వైడ్‌కి పరుగొస్తుంది, వాక్‌కి బేస్ వస్తుంది. బాస్ అధ్యాయం మొత్తం ఆ తేడా మీదే నిలబడి ఉంది.

ఇంటర్వ్యూల నుంచి పెద్ద పెద్ద మాటలు ఎత్తి రాశావు. ఆట గెలిచాక మైదానంలో వేదిక ఎక్కించి మాట్లాడిస్తారే, అక్కడ విదేశీ ఆటగాడు ఇంగ్లిష్‌లోనో స్పానిష్‌లోనో నాలుగు ముక్కలు అంటాడు, పక్కనున్న దుబాసి దాన్ని అభిమానులు వినాలనుకునే పద్ధతిలో జపనీస్‌లో చెబుతాడు, విలేఖరి అది రాస్తాడు, దాన్ని ఎవరో మళ్లీ ఇంగ్లిష్ చేస్తారు, నీకు అందేది ఆ చివరిది. అలాంటిది కొటేషన్ గుర్తుల్లో పెట్టకు, సారాంశం చెప్పు చాలు. ఆ దుబాసీలు మాత్రం నాకు చాలా ఆసక్తి. కోచ్ తిట్టిన తిట్టులో ఎంత చెప్పాలి, ఎంత మింగాలి అని క్షణంలో తేల్చుకునేది వాళ్లే. జట్టు జీతం తీసుకుంటూ ఆటగాడి ఇంటి పనులు కూడా చూసే మనుషులు. నీకు జపనీస్ వచ్చు కదా, రిటైరైన దుబాసి ఎవరైనా మాట్లాడటానికి దొరుకుతారేమో గట్టిగా ప్రయత్నించు.

ముందు యోనమినే అధ్యాయం రాసి పంపు, హార్నర్ని వెనక్కి జరుపు. రమీరెజ్ భాగంలో ఒక్క ఆటలో ఒక్క బ్యాటింగ్ వంతు తీసుకుని, మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా, క్యాచర్ ఏం అడిగాడో ఇతను ఏం ఊహించాడో దొరికినంతవరకు రాయి. వచ్చే నెల పదో తారీఖు లోపల పంపితే చదివి, గుర్తులు పెట్టి తిప్పి పంపుతాను.

ప్రేమతో,
మీ అన్నయ్య